సంయోజక కణజాల వ్యాధులున్న పిల్లలకు మత్తు: కష్టతరమైన శ్వాసమార్గాన్ని నిర్వహించే విధానం

మత్తు ఇచ్చేటప్పుడు మన చేతులు కొన్ని పనులను అలవాటుగా చేసేస్తాయి. దవడను ముందుకు నెడతాం, తలను వెనక్కి వంచుతాం, నోట్లో లారింగోస్కోప్ (గొంతు లోపల చూసేందుకు వాడే బ్లేడు పరికరం) పెట్టి నాలుకను పక్కకు తప్పిస్తాం, బ్యాగ్ నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపుతాం, చేతికి రక్తపోటు పట్టీ చుడతాం. సంయోజక కణజాలం, అంటే అవయవాలను కలిపి నిలిపే కణజాలం, బలహీనంగా ఉన్న బిడ్డలో ఈ పనుల్లో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట హాని చేయగలదు. దవడ కీలు జారవచ్చు, మెడపూసలు కదిలి వెన్నుపామును నొక్కవచ్చు, లారింగోస్కోపీ వల్ల ఎగసిన రక్తపోటు అప్పటికే ఉబ్బి ఉన్న బృహద్ధమనిని చీల్చవచ్చు, ఎక్కువ ఒత్తిడితో పంపిన గాలి ఊపిరితిత్తిని చిల్లు చేయవచ్చు, పట్టీ బిగిసినప్పుడు చేతి ఎముకే విరగవచ్చు. ఆ పిల్లల శ్వాసమార్గాన్ని మెడ, గుండె, ఊపిరితిత్తులు, కీళ్ల నుంచి విడదీసి ఆలోచించలేం. శ్వాసనాళంలోకి ట్యూబ్ సరిగ్గా పడినా బిడ్డ నష్టపోయే సందర్భాలు ఈ వ్యాధుల్లో ఉంటాయి కనుక, తక్కువ బలంతో, తక్కువ ప్రయత్నాలతో, ఆక్సిజన్ ఒక్క క్షణం కూడా తగ్గకుండా పని పూర్తి చేయడమే ఇక్కడ లక్ష్యం.

ఈ వ్యాసం పిల్లల మత్తులో శిక్షణ పొందిన, పొందుతున్న వైద్యుల కోసం రాసినది. ఇందులోని మోతాదులను వాడే ముందు మీ సంస్థ నియమావళితోనూ, ఆ బిడ్డ పరిస్థితితోనూ తప్పక సరిచూసుకోండి.

వ్యాధి పేరుతో పాటు వయసునూ చూడాలి

పాత మత్తు రికార్డు చేతికి రాగానే కొంత ధైర్యం వస్తుంది. ఈ వ్యాధుల్లో ఆ ధైర్యం ఎంతవరకు పనికొస్తుందన్నది ఏ వ్యాధి, ఏ వయసు అన్నదానిపై ఆధారపడుతుంది.

స్టిక్లర్ సిండ్రోమ్‌లో టైప్ 2 కొల్లాజన్ జన్యువు లోపం ఎక్కువగా కనిపిస్తుంది. పుట్టినప్పుడే దవడ చిన్నదిగా, నాలుక వెనక్కి జారి, తరచుగా అంగిలి చీలి ఉంటుంది. దీన్నే పియర్ రాబిన్ క్రమం అంటాం. నెలల పసికందుగా ఉన్నప్పుడు మాస్క్‌తో ఊపిరి ఇవ్వడమే గగనమైన బిడ్డకు, దవడ ఎదిగాక అయిదారేళ్ల వయసులో శ్వాసమార్గం చాలావరకు సులువు కావచ్చు. మ్యూకోపాలీసాకరైడోసిస్‌లో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కచ్చితమైన వర్గీకరణలో ఇవి లైసోసోమ్ నిల్వ వ్యాధులే అయినా, గ్లైకోసమినోగ్లైకాన్లు అనే పొడవైన చక్కెర గొలుసులు పేరుకుపోయేది సంయోజక కణజాలంలోనే కాబట్టి మత్తు వైద్యుడికి ఇవి ఈ గుంపులోనివే. నాలుక, టాన్సిల్స్, ఎపిగ్లాటిస్, స్వరపేటిక పైభాగం ఏటేటా మందమవుతాయి, శ్వాసనాళం ఇరుకవుతుంది, మెడ పొట్టిగా, బిగుసుగా మారుతుంది. ఈ గుంపులోని హర్లర్ లేదా హంటర్ వ్యాధి ఉన్న బిడ్డకు రెండేళ్ల వయసులో సులువుగా ట్యూబ్ పడిందన్న రికార్డును ఏడేళ్ల వయసులో నమ్ముకోవడం ప్రమాదకరం. హర్లర్ వ్యాధిలో చిన్న వయసులోనే మూలకణ మార్పిడి జరిగి ఉంటే శ్వాసమార్గం కొంత మెరుగ్గా ఉండవచ్చు కాబట్టి ఆ వివరం తప్పక అడగాలి. ఇదే గుంపులోని మోర్కియో వ్యాధిలో రెండో మెడపూస దంతం (ఆ పూస నుంచి పైకి పొడుచుకొచ్చే ఎముక ముక్క) సరిగా ఎదగదు. పైకి బాగానే కనిపించే బిడ్డలో కూడా మొదటి రెండు మెడపూసల మధ్య అస్థిరత దాగి ఉంటుంది.

మార్ఫాన్ సిండ్రోమ్‌కు కారణం ఫిబ్రిలిన్‌-1 ప్రోటీన్ జన్యువులో లోపం. ఎత్తైన అంగిలి, ఇరుకుగా ఉన్న పళ్లు, కొద్దిగా వెనక్కి ఉన్న దవడ కనిపిస్తాయి గానీ, లారింగోస్కోపీ మరీ కష్టమయ్యే బిడ్డలు తక్కువే. ఇక్కడ భయపడాల్సింది బృహద్ధమని మూలం గురించి, ఊపిరితిత్తి పైభాగంలో ఉండే బుడగల గురించి. నవజాత దశలోనే బయటపడే తీవ్రమైన మార్ఫాన్‌లో మాత్రం శ్వాసనాళం మెత్తబడి, ఊపిరి వదిలేటప్పుడు కూలిపోవడం కూడా చూస్తాం.

2005లో తొలిసారి వర్ణించిన లోయిస్-డీట్జ్ సిండ్రోమ్‌ను మార్ఫాన్‌కు తమ్ముడిగా భావించి తేలిగ్గా తీసుకోకూడదు. కళ్లు దూరంగా ఉండటం, కొండనాలుక రెండుగా చీలి ఉండటం లేదా అంగిలి చీలిక, మెలికలు తిరిగిన ధమనులు దీని గుర్తులు. బృహద్ధమని మార్ఫాన్‌లో కంటే చిన్న వ్యాసం వద్దే చీలే స్వభావం ఉంటుంది. మెడపూసల అస్థిరత కూడా ఇందులో తరచుగా కనిపిస్తుంది. నోరు తెరిపించి చూసినప్పుడు కొండనాలుక చీలి కనిపిస్తే, ఆ బిడ్డకు రోగనిర్ధారణ ఇంకా జరగకపోయినా, ఎకోకార్డియోగ్రామ్, మెడ ఎక్స్‌రే చూడకుండా ముందుకు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్‌లో 2017 వర్గీకరణ ప్రకారం 13 రకాలున్నాయి. మత్తు వైద్యుడు మొదట తెలుసుకోవాల్సింది ఇది రక్తనాళాల రకమా, కాదా అన్నది. టైప్ 3 కొల్లాజన్ లోపించిన ఆ రకంలో ధమనులు, పేగులు ఏ హెచ్చరికా లేకుండా చిట్లగలవు. మిగతా రకాల్లో కీళ్ల వదులు, చర్మం, శ్లేష్మపొరల పెళుసుదనం ప్రధానం. దవడ కీలు జారే అలవాటు, సులువుగా కమిలే స్వభావం, కొందరిలో స్థానిక మత్తుమందులు సరిగా పనిచేయకపోవడం ఉంటాయి. దంతవైద్యుడి దగ్గర ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గలేదని తల్లి చెబితే ఆ మాటను తీసిపారేయకూడదు. నిలబడినప్పుడు నాడి వేగం పెరిగి కళ్లు తిరిగే సమస్య ఉన్న బిడ్డలకు మత్తు మొదలుకాగానే రక్తపోటు బాగా పడిపోవచ్చు.

ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా, అంటే ఎముకలు పెళుసుగా ఉండే వ్యాధి, మరింత లోతుగా చూడాల్సినది. 1979లో సిలెన్స్ చేసిన వర్గీకరణలో టైప్ 3 బిడ్డలే మనకు ఎక్కువ కష్టం కలిగిస్తారు. తల పెద్దది, మెడ పొట్టిది, ఛాతీ ఆకృతి చెడి ఉంటుంది, వెన్ను వంగి ఉంటుంది. శరీరం ఎదగకపోవడంతో శ్వాసనాళం ఉన్న చోటులో ఇమడలేక ఒక పక్కకు వంగి నొక్కుకుపోతుంది. పుర్రె అడుగుభాగం మెత్తబడి మెడపూస పైభాగం లోపలికి చొచ్చుకుపోవచ్చు. అలాంటి బిడ్డలో తల వెనక్కి వంచడం మెదడు కాండాన్ని నొక్కినట్టే అవుతుంది. పళ్లు గోధుమ లేదా నీలి రంగులో, పెళుసుగా ఉంటే బ్లేడు కొద్దిగా తగిలినా ముక్క విరిగి శ్వాసనాళంలో పడవచ్చు. ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉన్నా వాటి పనితీరు తగ్గి ఉండే అవకాశం ఉంది.

బాల్యంలో వచ్చే కీళ్లవాతం, స్క్లెరోడెర్మా వంటి స్వయం నిరోధక వ్యాధుల్లో సమస్య వదులుతనం కాదు, బిగుసుకుపోవడం. దవడ కీళ్లు గట్టిపడి నోరు తెరుచుకోదు, మెడపూసలు అతుక్కుపోతాయి, స్వరపేటికలోని చిన్న కీళ్లు కూడా బిగుసుకుపోవచ్చు. మత్తు ఎంత లోతుగా ఉన్నా, కండరాలు ఎంత సడలినా ఆ నోరు తెరుచుకోదని ముందే గ్రహించాలి.

ముందస్తు పరీక్ష

తల్లిదండ్రులను అడగాల్సిన ప్రశ్నల్లో నిద్రకు సంబంధించినవే నాకు ఎక్కువ విలువైనవి. బిడ్డ ఏ వైపు తిరిగి పడుకుంటుంది, వెల్లకిలా పడుకుంటే గురక పెడుతుందా, ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా, బోర్లా పడుకుంటేనే నిద్ర పడుతుందా అన్న సమాధానాలు మత్తు మొదలైన మొదటి నిమిషంలో ఏం జరగబోతోందో ముందుగానే చెబుతాయి. మెడనొప్పి, చేతుల తిమ్మిరి, నడకలో కొత్తగా వచ్చిన తేడా, దవడ టక్కున శబ్దం చేయడం, పళ్లు తోముకునేటప్పుడు రక్తం, ఆటలో స్పృహ తప్పడం, ఛాతీనొప్పి, ఇదివరకు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, ఎన్నిసార్లు ఎముకలు విరిగాయి అన్నవి కూడా అడగాలి.

మెడ కదలికను పరీక్షించేటప్పుడు బిడ్డ తనంతట తాను ఎంత వంచగలదో చూడాలి తప్ప, మన చేతితో వంచి చూడకూడదు. సహకరించే వయసు బిడ్డకు మెడ వంచి, చాచి తీసిన ఎక్స్‌రేలు ఉపయోగపడతాయి. పుర్రె అడుగులోకి పూస చొచ్చుకుపోయిందన్న అనుమానం ఉంటే ఎమ్మారై అవసరం. పసిపిల్లల్లో రెండో మెడపూస దంతం పూర్తిగా ఎముకగా మారి ఉండదు కనుక ఎక్స్‌రే బాగుందని భరోసా దొరకదు. సందేహం తీరకపోతే మెడ అస్థిరంగా ఉందనే భావించి పని చేయాలి.

మార్ఫాన్, లోయిస్-డీట్జ్, రక్తనాళాల రకం ఎహ్లర్స్-డాన్లోస్, మ్యూకోపాలీసాకరైడోసిస్ ఉన్నవారందరికీ ఇటీవలి ఎకోకార్డియోగ్రామ్ ఉండాలి. బృహద్ధమని మూలం కొలతను మిల్లీమీటర్లలో మాత్రమే చదివితే సరిపోదు. బిడ్డ శరీర పరిమాణానికి తగ్గట్టు లెక్కించిన జెడ్ స్కోరునూ, పోయినసారికీ ఇప్పటికీ వచ్చిన మార్పునూ చూడాలి. నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్‌ను శస్త్రచికిత్స రోజు ఉదయం కూడా ఆపకుండా ఇవ్వాలి. రక్తపోటు తగ్గించే లోసార్టాన్ వంటి మందు మత్తు సమయంలో రక్తపోటును లొంగని విధంగా తగ్గించగలదు కాబట్టి ఆ ఉదయం మోతాదు గురించి గుండె వైద్యుడితో కలిసి నిర్ణయించాలి.

ఉపవాసాన్ని అవసరానికి మించి పొడిగించవద్దు. యూరప్ మార్గదర్శకాలు పిల్లలకు మత్తుకు గంట ముందు వరకు తేటనీళ్లను అనుమతిస్తున్నాయి, అమెరికా మార్గదర్శకాలు 2 గంటలు అంటున్నాయి. దాహంతో ఏడ్చే బిడ్డ నాడి వేగం, రక్తపోటు రెండూ పెరుగుతాయి, ఒంట్లో నీరు తగ్గితే మత్తు మొదలయ్యాక రక్తపోటు పడిపోతుంది. ఈ రెండూ ఈ పిల్లలకు మంచివి కావు.

బృందం, పరికరాలు, నోటితో చెప్పుకునే ప్రణాళిక

కష్టతరమైన ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం) జరిగిన 1018 మంది పిల్లల వివరాలు అమెరికాలోని 13 పిల్లల ఆసుపత్రుల నుంచి సేకరించి 2016లో ప్రచురించారు. అందులో నేరుగా చూసే మామూలు లారింగోస్కోపీతో మొదటి ప్రయత్నంలో ట్యూబ్ పడింది 3 శాతం మందికే. వీడియో లారింగోస్కోప్‌తో, ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌తో మొదటిసారే విజయం దాదాపు 55 శాతం. అయిదుగురిలో ఒకరికి ఏదో ఒక సమస్య వచ్చింది. 2 శాతం మందికి గుండె ఆగింది. రెండుకు మించిన ప్రయత్నాలు, 10 కిలోల కంటే తక్కువ బరువు, గడ్డానికీ థైరాయిడ్ మృదులాస్థికీ మధ్య దూరం తక్కువగా ఉండటం, పరోక్ష పద్ధతికి మారే ముందు మూడుసార్లు మామూలు లారింగోస్కోప్‌తోనే ప్రయత్నించడం సమస్యలతో ముడిపడి కనిపించాయి. కష్టమని ముందే తెలిసిన బిడ్డలో మామూలు బ్లేడుతో ఒకసారి చూద్దామనుకోవడానికి ఈ అంకెలు తావివ్వవు. ఆ ఒక్కసారి చూడటానికే మన దగ్గరున్న అతి మంచి అవకాశం ఖర్చైపోతుంది. సంయోజక కణజాలం పెళుసుగా ఉన్నచోట ఆ ఒక్క ప్రయత్నమే వాపునూ, రక్తాన్నీ మిగిల్చి తర్వాతి చూపును పాడుచేస్తుంది.

అందుకని గదిలో ఉండాల్సినవి ముందే సిద్ధంగా ఉండాలి. వీడియో లారింగోస్కోప్‌కు వయసుకు తగిన మామూలు వంపు బ్లేడూ, ఎక్కువ వంపు బ్లేడూ రెండూ కావాలి. సన్నని ఫైబర్ ఆప్టిక్ స్కోప్, లోపలి నుంచి ట్యూబ్ దించగల లారింజియల్ మాస్క్ (స్వరపేటిక పైన కూర్చునే శ్వాస పరికరం), ముక్కు గొట్టాలు, అంచనా వేసిన ట్యూబ్‌తో పాటు అర సైజు, ఒక సైజు చిన్నవి ఉంచుకోవాలి. రెండేళ్లు దాటిన పిల్లల్లో కఫ్ (చివర గాలితో ఉబ్బే బుడగ) ఉన్న ట్యూబ్‌కు వయసును 4తో భాగించి 3.5 కలిపి మి.మీ.లో లోపలి వ్యాసం తీసే లెక్క ఇక్కడా మొదలుపెట్టడానికి పనికొస్తుంది. అయితే వయసుకు తగ్గ ఎత్తు లేని ఆస్టియోజెనెసిస్, మోర్కియో బిడ్డల్లో అది పెద్ద ట్యూబ్‌నే సూచిస్తుంది. చెవి ముక్కు గొంతు శస్త్రచికిత్సకుడు దృఢమైన బ్రాంకోస్కోప్‌తో, ట్రకియాస్టమీ (మెడలో రంధ్రం చేసి శ్వాసమార్గం ఏర్పరచడం) సామగ్రితో గదిలోనే ఉండాలి. పిలిస్తే వస్తాడన్న ఏర్పాటు చాలదు.

మొదటి పద్ధతి ఏది, అది విఫలమైతే రెండోది ఏది, ఎవరు ఎన్నిసార్లు ప్రయత్నిస్తారు, ఆక్సిజన్ ఎంతకు పడిపోతే ఆపేస్తారు, బిడ్డను ఎప్పుడు మేల్కొల్పుతారు అన్నవన్నీ మత్తు మొదలుకాకముందే అందరికీ వినబడేలా చెప్పాలి. మేల్కొల్పి మరో రోజుకు వాయిదా వేయడం కూడా ఒక పద్ధతేనని ఆ మాటల్లోనే ఉండాలి.

బల్ల మీద పడుకోబెట్టడం

మెలకువగా ఉన్న బిడ్డ తనకు నొప్పి లేని భంగిమను తానే చూపిస్తుంది. ఆ భంగిమను గుర్తుపెట్టుకుని, మత్తులోకి వెళ్లాక దాన్ని మించి ఏ కీలునూ లాగకూడదు. పెద్ద తల ఉన్న ఆస్టియోజెనెసిస్ బిడ్డకు తల కింద దిండు పెడితే మెడ ముందుకు వంగుతుంది. అందుకే భుజాలు, వీపు కింద మెత్త వేసి మెడను తటస్థంగా ఉంచాలి. ఎముకలు తీవ్రంగా పెళుసుగా ఉంటే రక్తపోటు పట్టీ కింద మందపాటి దూది చుట్టి, కొలిచే వ్యవధి పెంచాలి. పెద్ద శస్త్రచికిత్స అయితే ధమనిలో సూదితో కొలవడం మేలు. కానీ రక్తనాళాల రకం ఎహ్లర్స్-డాన్లోస్‌లో ధమనిలో సూది పెట్టడమే ప్రమాదం కాబట్టి అక్కడ పట్టీయే నయం. చర్మానికి అంటించేవి సులువుగా ఊడివచ్చే సిలికాన్ రకంవి అయితే మంచిది. స్టిక్లర్ బిడ్డల్లో రెటీనా ఊడే స్వభావం, మార్ఫాన్ బిడ్డల్లో కంటి కటకం జారే స్వభావం ఉన్నందున మాస్క్ అంచు గానీ, వేళ్లు గానీ కంటిని నొక్కకుండా చూడాలి.

మత్తు మొదలుపెట్టడం

భయంతో కేకలు పెట్టే బిడ్డకు ముందుగా ప్రశాంతత కావాలి. నోటి ద్వారా మిడజోలం కిలోకు 0.5 మి.గ్రా. లేదా ముక్కులో డెక్స్‌మెడిటోమిడిన్ కిలోకు 1 నుంచి 2 మైక్రోగ్రాములు సాధారణంగా సరిపోతాయి. నిద్రలో శ్వాస ఆగే బిడ్డలకు మాత్రం ఈ మందులను తగ్గించి, మనం పక్కనే ఉండి, ఆక్సిజన్ కొలమానం పెట్టి ఇవ్వాలి. తల్లి ఒడిలో ఉండగానే మత్తు మొదలుపెట్టగలిగితే చాలామందికి మందే అక్కర్లేదు.

పెద్దవారిలో లాగా మెలకువగా ఉంచి ట్యూబ్ వేయడం చిన్నపిల్లల్లో దాదాపు సాధ్యం కాదు. అందుకే కష్టతరమైన శ్వాసమార్గం ఊహించినప్పుడు బిడ్డ తన ఊపిరి తాను తీసుకుంటూ ఉండగానే మత్తును లోతుగా తీసుకెళ్లడం నేను ఎంచుకునే దారి. పీల్చే మత్తు వాయువైన సెవోఫ్లూరేన్‌ను నెమ్మదిగా పెంచడం గానీ, ప్రొపోఫాల్‌ను కొద్దికొద్దిగా నరంలోకి ఇవ్వడం గానీ, దానికి డెక్స్‌మెడిటోమిడిన్ తోడు చేయడం గానీ చేయవచ్చు. కెటమిన్ శ్వాసను నిలుపుతుంది గానీ నాడి వేగాన్నీ, రక్తపోటునూ పెంచుతుంది. బృహద్ధమని ఉబ్బిన బిడ్డలో దాన్ని మొదటి ఎంపికగా తీసుకోను. ఆస్టియోజెనెసిస్ బిడ్డల్లో కండరాలను సడలించే మందు సక్సినైల్‌కోలిన్ వల్ల మొదట కలిగే కండరాల అదురుకే ఎముకలు విరగవచ్చు కాబట్టి దాన్ని పక్కన పెట్టాలి.

స్వరపేటికపై లిడోకెయిన్ చల్లడం ఈ పద్ధతికి ప్రాణం. మొత్తం మోతాదు కిలోకు 4 మి.గ్రా. లోపు ఉంచి, చల్లాక కాస్త ఆగాలి. మత్తు తగినంత లోతుకు చేరకముందే గొంతును తాకితే స్వరపేటిక బిగుసుకుంటుంది, రక్తపోటు ఎగుస్తుంది. మార్ఫాన్, లోయిస్-డీట్జ్ బిడ్డల్లో ఈ ఎగసిపాటే అసలు శత్రువు. అక్కడ తగినంత ఓపియాయిడ్ (బలమైన నొప్పి మందు), అవసరమైతే నాడి వేగాన్నీ రక్తపోటునూ తగ్గించే ఎస్మొలాల్ కిలోకు 0.5 మి.గ్రా. చేతిలో సిద్ధంగా ఉండాలి.

మాస్క్‌తో గాలి ఇచ్చేటప్పుడు దవడను బలంగా ముందుకు లాగడం ఇక్కడ చివరి ఉపాయంగా ఉండాలి. ముందుగా నోరు కొద్దిగా తెరిచి ఉంచి, ముక్కులో మెత్తని గొట్టం పెట్టి, 5 నుంచి 10 సెం.మీ. నీటి ఒత్తిడిని నిరంతరం ఇస్తూ చూడాలి. పియర్ రాబిన్ పసికందులను పక్కకు తిప్పితే, ఒక్కోసారి బోర్లా వేస్తే, నాలుక ముందుకు జారి దారి తెరుచుకుంటుంది. దవడను తప్పనిసరిగా ముందుకు తీయాల్సి వస్తే రెండు చేతులతో, సమానంగా, అవసరమైనంత మేరకే తీయాలి. ఎహ్లర్స్-డాన్లోస్ బిడ్డలో కీలు జారితే నోరు మూసుకోకుండా ఆగిపోతుంది. దాన్ని మత్తులో ఉండగానే గుర్తించి సరిచేయాలి. ఊపిరితిత్తుల్లోకి పంపే గాలి గరిష్ఠ ఒత్తిడిని 15 నుంచి 20 సెం.మీ. నీటి పరిధిలో ఉంచితే పొట్ట ఉబ్బదు, బుడగలు పగిలే ప్రమాదమూ తగ్గుతుంది.

ట్యూబ్ వేయడం

ప్రయత్నం సాగుతున్నంతసేపూ ముక్కు ద్వారా ఆక్సిజన్ ఆగకూడదు. పసిపిల్లలకు కిలోకు నిమిషానికి 2 లీటర్ల చొప్పున వెచ్చని, తేమ గల ప్రవాహం ఇస్తే ఆక్సిజన్ పడిపోవడానికి ముందు విలువైన సమయం దొరుకుతుంది.

మెడ అస్థిరంగా ఉన్నా, తటస్థంగా ఉంచాల్సి వచ్చినా, వీడియో లారింగోస్కోపే మొదటి ఎంపిక. సహాయకుడు తలను రెండు చేతులతో నిశ్చలంగా పట్టుకుంటాడు తప్ప లాగడు. ఆస్టియోజెనెసిస్, లోయిస్-డీట్జ్, మోర్కియో బిడ్డల్లో తలను పైకి లాగి పట్టుకోవడం కూడా హానికరమే. ఎక్కువ వంపు బ్లేడుతో స్వరతంత్రులు తెర మీద చక్కగా కనిపిస్తాయి గానీ, లోపల వంచిన తీగ (స్టైలెట్) ఉన్న ట్యూబ్ అంగిలి దాటే క్షణంలో చాలామంది తెర వైపే చూస్తుంటారు. పెళుసైన శ్లేష్మపొర చిరిగేది ఆ క్షణంలోనే. ట్యూబ్ కొన నాలుక వెనక్కి చేరేవరకు నోటి లోపలికే నేరుగా చూడాలి, ఆ తర్వాతే తెర వైపు చూడాలి.

నోరు తగినంత తెరుచుకోకపోయినా, పియర్ రాబిన్ వంటి పరిస్థితిలో చూపు దొరకకపోయినా, లారింజియల్ మాస్క్ ద్వారా ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌తో ట్యూబ్ వేయడం నాకు ఎంతో నమ్మకమైన పద్ధతి. మాస్క్ చక్కగా కూర్చోగానే సగం యుద్ధం అయిపోయినట్టే, ఎందుకంటే బిడ్డకు ఆక్సిజన్ అందుతోంది, తొందరపడాల్సిన పని లేదు. స్కోప్ దూరేందుకు రంధ్రమున్న కనెక్టర్‌ను మాస్క్‌కు తగిలిస్తే, ఊపిరి ఆగకుండానే స్కోప్‌ను స్వరతంత్రుల కిందికి, శ్వాసనాళం చీలేచోటు కనిపించేవరకు పంపవచ్చు. ట్యూబ్‌ను దాని మీదుగా తిప్పుతూ నెమ్మదిగా జార్చాలి. స్వరతంత్రుల వద్ద అడ్డుపడితే బలంగా నెట్టకుండా, కాస్త వెనక్కి తీసి పావు చుట్టు తిప్పి మళ్లీ పంపాలి. మాస్క్‌ను బయటకు తీసేటప్పుడు ట్యూబ్ కూడా వచ్చేయకుండా, అదే వ్యాసం గల మరో ట్యూబ్‌ను వెనుక తగిలించి పొడవు పెంచుకోవాలి. ముందుగా బయట ఈ రెండూ ఒకదానిలో ఒకటి జారుతున్నాయో లేదో పరీక్షించడం మరవకూడదు. చిన్న శస్త్రచికిత్స అయితే మాస్క్‌నే ఉంచి పని ముగించడం సబబా అని కూడా ఆలోచించాలి.

మ్యూకోపాలీసాకరైడోసిస్ బిడ్డల్లో మాస్క్ సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఎపిగ్లాటిస్ మందమై దారికి అడ్డంగా పడుతుంది. అక్కడ వీడియో లారింగోస్కోప్‌తో కణజాలాన్ని కాస్త ఎత్తి, మరొకరు ఫైబర్ ఆప్టిక్ స్కోప్‌ను నడిపే జంట పద్ధతి బాగా పనిచేస్తుంది.

ఒక ప్రయత్నం విఫలమైతే, రెండోదానికి ముందు ఏదో ఒకటి మారాలి: భంగిమ, బ్లేడు, ట్యూబ్ సైజు, లేదా వేసే వ్యక్తి. ప్రతి ప్రయత్నానికీ మధ్య ఆక్సిజన్ పూర్తిగా కోలుకునేవరకు ఆగాలి. ఈ పిల్లల్లో రెండు ప్రయత్నాల తర్వాత గదిలోని అత్యంత అనుభవజ్ఞుడే చేయి వేయాలి. అదీ కుదరకపోతే, ఆక్సిజన్ అందుతున్నంతవరకు, బిడ్డను మేల్కొల్పడమే సరైన నిర్ణయం.

ట్యూబ్ పడ్డాక కార్బన్ డయాక్సైడ్ తరంగం చూసి నిర్ధారించాలి. కఫ్ ఒత్తిడిని పరికరంతో కొలిచి 20 సెం.మీ. నీటికి మించకుండా ఉంచాలి. వేలితో నొక్కి అంచనా వేయడం ఇంత పెళుసైన శ్లేష్మపొరకు తగదు. పొట్టి శ్వాసనాళం ఉన్నవారిలో ట్యూబ్ కుడి ఊపిరితిత్తిలోకి సులువుగా జారుతుంది. భంగిమ మార్చిన ప్రతిసారీ మళ్లీ వినాలి.

మాస్క్‌తోనూ, లారింజియల్ మాస్క్‌తోనూ ఆక్సిజన్ అందని పరిస్థితి వస్తే మొదట మత్తు లోతు సరిపోయిందా, స్వరపేటిక బిగుసుకుందా అని ఆలోచించి, రోక్యురోనియం కిలోకు 1.2 మి.గ్రా. వరకు ఇచ్చి కండరాలను సడలించి మరోసారి చూడాలి. ఆ సడలింపును తిప్పికొట్టే సుగమ్మడెక్స్ కిలోకు 16 మి.గ్రా. చొప్పున లెక్కగట్టి పక్కన ఉంచుకోవడం మంచిదే గానీ, అడ్డుపడిన శ్వాసమార్గాన్ని అది తెరవదని గుర్తుంచుకోవాలి. అప్పటికీ కుదరకపోతే గొంతు శస్త్రచికిత్సకుడు దృఢమైన బ్రాంకోస్కోప్‌తో ప్రయత్నించాలి, లేదా ట్రకియాస్టమీ చేయాలి. నవజాత శిశువులో స్వరపేటిక ముందుభాగంలోని క్రికోథైరాయిడ్ పొర కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి అక్కడ సూది గుచ్చడం నమ్మదగిన మార్గం కాదు. ఆస్టియోజెనెసిస్‌లో శ్వాసనాళం మధ్యగీతలో ఉండకపోవచ్చు కనుక మత్తుకు ముందే అల్ట్రాసౌండ్‌తో చూసి చర్మంపై గుర్తు పెట్టుకోవాలి. ఆక్సిజన్ పూర్తిగా అందని స్థితిలో మెడను కాపాడటం కోసం ఊపిరిని వదులుకోకూడదు. మెడను అవసరమైనంత చాచి దారి చేయడమే అప్పుడు సరైన క్రమం.

శస్త్రచికిత్స సాగుతుండగా

ఊపిరితిత్తుల పీడనం ఉన్నట్టుండి పెరిగి, ఒక వైపు శబ్దం తగ్గి, రక్తపోటు పడిపోతే మార్ఫాన్, ఎహ్లర్స్-డాన్లోస్ బిడ్డల్లో మొదట ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందనే అనుకోవాలి. ఇలాంటి బిడ్డలకు నైట్రస్ ఆక్సైడ్ వాడకపోవడం మంచిది.

ఆస్టియోజెనెసిస్ బిడ్డల్లో శరీర ఉష్ణోగ్రత పెరగడం తరచుగా కనిపిస్తుంది. ఇది సాధారణంగా మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా (కొన్ని మత్తుమందుల వల్ల వచ్చే ప్రాణాంతకమైన వేడి) కాదు. కార్బన్ డయాక్సైడ్ అకారణంగా ఎగబాకడం, కండరాలు బిగుసుకోవడం, రక్తం ఆమ్లమవడం లేకుంటే వేడి దుప్పటి తీసి, చల్లని ద్రవాలు ఎక్కించి, గది వేడి తగ్గిస్తే చాలు. అట్రోపిన్ వంటి మందులు చెమటను ఆపి వేడిని పెంచుతాయి కాబట్టి కారణం లేకుండా ఇవ్వవద్దు.

నొప్పికి ప్రాంతీయ మత్తు ఆలోచిస్తే, మార్ఫాన్‌లో వెన్నుపాము చుట్టూ ఉన్న పొర ఉబ్బి ఉండటం వల్ల వెన్నుముకలో ఇచ్చిన మందు అంచనా ప్రకారం వ్యాపించకపోవచ్చని గుర్తుంచుకోవాలి. అల్ట్రాసౌండ్ సాయంతో చేసే నరాల బ్లాకులు చాలాచోట్ల మేలైన ఎంపిక.

ట్యూబ్ తీయడం, ఆ తర్వాత

ట్యూబ్ వేయడం కష్టమైన బిడ్డకు దాన్ని తీయడం కూడా ముందే ప్రణాళిక చేయాల్సిన పనే. పలుమార్లు ప్రయత్నించి ఉంటే డెక్సామెథాసోన్ ఇచ్చి, కఫ్ గాలి తీసినప్పుడు చుట్టూ గాలి లీకవుతుందో లేదో చూడాలి. లీకు లేకపోతే ఐసీయూలో మరికొన్ని గంటలు ఉంచడంలో తప్పు లేదు. బిడ్డ పూర్తిగా మేల్కొని, కళ్లు తెరిచి, ఊపిరి బలంగా తీసుకుంటున్నప్పుడే తీయాలి. బృహద్ధమని ఉబ్బిన బిడ్డలో దగ్గుతో రక్తపోటు ఎగుస్తుంది కాబట్టి డెక్స్‌మెడిటోమిడిన్‌ను తక్కువ మోతాదులో నడుపుతూ ప్రశాంతంగా మేల్కొల్పడం ఉపయోగపడుతుంది. ముక్కు గొట్టాన్ని ట్యూబ్ తీయకముందే అమర్చి ఉంచితే పియర్ రాబిన్ పిల్లలకు మొదటి గంట సురక్షితంగా గడుస్తుంది. ట్యూబ్ తీశాక ఊపిరి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం వస్తే నెబ్యులైజర్‌లో అడ్రినలిన్ ఇచ్చి, తగ్గాక కూడా కనీసం కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలి.

కోలుకునే గదిలో ఊపిరితో పాటు చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. దవడ మూసుకుంటోందా, భుజాలు, మోకాళ్లు తమ చోట ఉన్నాయా, రెండు చేతులూ కాళ్లూ సమానంగా కదులుతున్నాయా, కొత్తగా వాచిన ఎముక ఉందా అని తలనుంచి పాదాల వరకు చూడాలి. ఏడుపుకు నొప్పి కారణమనుకుని ఓపియాయిడ్ ఇచ్చే ముందు ఎక్కడైనా ఎముక విరిగిందేమో, కీలు జారిందేమో అని ఒకసారి ఆలోచించాలి. నిద్రలో శ్వాస ఆగే బిడ్డలకు ఓపియాయిడ్ తగ్గించి, పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున నియమిత సమయాల్లో ఇస్తూ, రాత్రంతా ఆక్సిజన్ కొలమానంతో పరిశీలించాలి.

బిడ్డ ఇంటికి వెళ్లే ముందు తల్లిదండ్రుల చేతికి ఒక ఉత్తరం ఇవ్వాలి. మాస్క్‌తో గాలి అందిందా, ఏ భంగిమలో అందింది, ఏ పరికరంతో, ఏ సైజు ట్యూబ్, ఎన్నో ప్రయత్నంలో పడింది, ఏ పద్ధతి విఫలమైంది, మెడ విషయంలో ఏ జాగ్రత్త తీసుకున్నారు అన్నవి అందులో స్పష్టంగా రాయాలి. ఆ రోజు బిడ్డ వయసు, బరువు, ఎత్తు కూడా ఉండాలి. ఆ వివరాలుంటేనే అయిదేళ్ల తర్వాత ఆ ఉత్తరం చదివే మత్తు వైద్యుడు, ఈ వ్యాధిలో శ్వాసమార్గం అప్పటికి సులువై ఉంటుందా, మరింత ఇరుకై ఉంటుందా అని సరిగ్గా లెక్క వేసుకోగలుగుతాడు.